ఊళ్లు తప్పుకున్న దారి: గోర్ట్ నుంచి ట్యూమ్ వరకు

(పశ్చిమ ఐర్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

ఈ హాలులో కూర్చున్నవారిలో చాలామంది ఎం18 మోటార్‌వే మీదనో దానికి కొనసాగింపైన ఎం17 మీదనో తరచుగా బండి నడిపేవారే. మిగిలినవారిలో కొందరు ఇంకా ఎల్ బోర్డుతో నడుపుతున్నందువల్ల ఆ దారి ఎక్కడానికి చట్టం అనుమతించనివారు. మోటార్‌వే గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, దాని ఖర్చు గురించో, దానివల్ల వచ్చిన అభివృద్ధి గురించో చెప్పమంటారేమో అనుకున్నాను. వారు కోరింది అది కాదు. కొత్త దారి తెరుచుకున్నప్పుడు దానిమీద బండి నడిపినవారికి ఏమి అనుభవమైందో చెప్పమన్నారు. పాత దారినీ కొత్త దారినీ రెంటినీ ఎరిగినవాడిగా, లారీలవారితోనూ టాక్సీలవారితోనూ ఏళ్ల తరబడి మాట్లాడుతూ వచ్చినవాడిగా నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటే ఉన్నది. ఈ మోటార్‌వే మన వేగాన్ని మార్చింది కొంచెమే. స్టీరింగు వెనుక కూర్చున్న మనిషి చేయవలసిన పనిని మాత్రం పూర్తిగా మార్చింది. ఈరోజు నేను చెప్పబోయేవన్నీ ఆ మాట చుట్టూ తిరిగేవే.

ముందు దారి సంగతి కొంత చెబుతాను. గాల్వే జిల్లాలో గోర్ట్ నుంచి ట్యూమ్ వరకు, దక్షిణాన ఎం18గా ఉత్తరాన ఎం17గా ఉన్న ఈ దారి 2017 సెప్టెంబరు 27న తెరుచుకున్నది. మొత్తం 57 కిలోమీటర్లలో సుమారు 53 కిలోమీటర్లు మోటార్‌వే కాగా, మిగిలినది ట్యూమ్ ఊరిని చుట్టివెళ్లే రెండు వరుసల విభజిత రహదారి. ఖర్చు దాదాపు 55 కోట్ల యూరోలు. ప్రారంభించినవారు అప్పటి ప్రధానమంత్రి లియో వరాద్కర్. ఆయన తండ్రి ముంబయి నుంచి వచ్చిన వైద్యుడు కనుక ఆ రోజు ఫోటోలను మన ఇళ్లలో కొంచెం ఎక్కువ ఆసక్తితోనే చూసుకున్నాము. నిజానికి ఈ దారి ఇంకా ముందే రావలసింది. దీనికి దక్షిణాన గోర్ట్, క్రషీన్‌ల మధ్య ముక్క 2010 నవంబరులోనే తెరుచుకున్నప్పటికీ, ఆర్థిక సంక్షోభంలో పెట్టుబడి దొరకక ఉత్తరపు ముక్క ఒప్పందం 2014 దాకా ఆగిపోయింది. ప్రైవేటు కన్సార్టియం కట్టి నిర్వహిస్తుండగా ప్రభుత్వం ఏటేటా దానికి చెల్లింపులు చేసే పద్ధతి కావడంవల్ల ఈ దారిలో టోల్‌గేటు లేదు. డబ్లిన్ వెళ్లే ఎం6 మోటార్‌వే మీద కాపటాగల్ టోల్‌గేటు దగ్గర చిల్లర వెతుక్కునే మనకు ఇది చిన్న సంగతేమీ కాదు.

ఇప్పుడు పాత దారికి వద్దాము. 2017కు ముందు లిమెరిక్ వైపు నుంచి గాల్వే వచ్చేవారు గోర్ట్ దాటగానే మోటార్‌వే దిగి, లబాన్, ఆర్డ్రహన్, కిల్‌కోల్గన్, క్లారిన్‌బ్రిడ్జ్ ఊళ్ల నడిబొడ్డునుంచి పాత జాతీయ రహదారి ఎన్18 మీద సాగవలసి వచ్చేది. అక్కడి నుంచి ట్యూమ్ వెళ్లదలచినవారు గాల్వే శివార్లు తాకి, క్లేర్‌గాల్వే గుండా ఎన్17 ఎక్కేవారు. ఆ దారిలో డ్రైవరు ప్రతి నిమిషమూ ఏదో ఒక నిర్ణయం తీసుకుంటూ ఉండేవాడు. ముందు ట్రాక్టరు ఉంటే దాన్ని దాటడానికి ఎదురుగా ఖాళీ ఉందా, మలుపు అవతల బడి పిల్లలు రోడ్డు దాటుతున్నారా, చర్చి దగ్గర అంత్యక్రియలకు వచ్చిన కార్లు సగం రోడ్డును ఆక్రమించాయా, గేటు తెరిచి ఆవులను తోలుతున్న రైతు చెయ్యెత్తాడా అని చూసుకుంటూనే ఉండాలి. వెనుకబడిన బండి ఎడమకు జరిగి దారి ఇస్తే, దాటిన బండి రెండు పక్కల లైట్లూ ఒకసారి వెలిగించి కృతజ్ఞత చెప్పేది. ఎదురుపడిన అపరిచితుడు స్టీరింగు మీదనుంచి ఒక వేలు ఎత్తి పలకరించేవాడు. ఇదంతా అలసట కలిగించేదే, కాదనను. సెప్టెంబరులో క్లారిన్‌బ్రిడ్జ్ ఆయిస్టర్ పండుగ రోజుల్లో ఆ ఊరు దాటడానికి పట్టిన సమయాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ విసుగే. అయితే ఆ అలసటలోనే ఒక మెలకువ కూడా ఉండేది. డ్రైవరుకు నిద్రమత్తు రావడానికి ఆ దారి అవకాశం ఇచ్చేది కాదు.

కొత్త దారి మీద మొదటి రోజుల్లో అందరి నోటా వినిపించింది సమయం మాటే. ఇరవై నిమిషాలు కలిసివచ్చాయని ఒకరు, అరగంట అని మరొకరు చెప్పుకున్నారు. ఎంత కలిసివచ్చిందన్నది బయలుదేరిన వేళను బట్టి మారుతుంది కనుక ఆ లెక్కల జోలికి నేను పోను. ఎక్కడినుంచి కలిసివచ్చింది అన్నది మాత్రం కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. 53 కిలోమీటర్ల మోటార్‌వేను గంటకు 120 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఇరవై ఆరున్నర నిమిషాలు పడుతుంది. అదే దూరాన్ని 100 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ముప్పై రెండు నిమిషాలకు కొంచెం తక్కువ. అంటే పాత జాతీయ రహదారుల పరిమితికీ మోటార్‌వే పరిమితికీ మధ్య తేడా అయిదు నిమిషాల చిల్లర మాత్రమే. మిగిలిన లాభమంతా ఊళ్లు, సిగ్నళ్లు, ట్రాక్టర్లు, రౌండ్ అబౌట్లు దారిలోంచి తొలగిపోవడంవల్ల వచ్చింది. మనం గెలుచుకున్న సమయం ఆగకపోవడంలోనిదే తప్ప యాక్సిలరేటరు తొక్కడంలోనిది కాదు. ఈ సంగతి గ్రహించిన లారీ డ్రైవర్లు మొదటి నెలలోనే స్థిమితపడ్డారు. గ్రహించని కారు డ్రైవర్లు చాలాకాలం 120 దగ్గరే ముల్లును నిలబెట్టి, ట్యాంకు తొందరగా ఖాళీ అవుతున్నదని ఆశ్చర్యపోయారు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 100 నుంచి 120కి వెళితే బండిని వెనక్కి లాగే గాలి శక్తి 44 శాతం ఎక్కువవుతుంది. అయిదు నిమిషాలకు అది మంచి ధర అవునో కాదో ఎవరికి వారే తేల్చుకోవాలి.

ప్రారంభపు వారాలలో కనిపించిన తికమకల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నావిగేషన్ పరికరాలు పాతవైన కార్లలో తెర మీద బండి బొమ్మ పచ్చిక బయళ్ల మధ్య ఈదుకుంటూ పోతుండేది, అందులోని గొంతు మాత్రం వీలైతే వెనుదిరగమని పదేపదే బతిమాలుకునేది. దానికి తోడు పాత దారుల అంకెలు మారిపోయాయి. గాల్వే, ట్యూమ్‌ల మధ్య ఎన్17 కాస్తా ఎన్83 అయింది. గోర్ట్ నుంచి ఉత్తరానికి పోయే పాత ఎన్18 భాగం ప్రాంతీయ రహదారిగా మారి ఆర్458 అయింది. కిల్‌కోల్గన్, క్లారిన్‌బ్రిడ్జ్‌ల మీదుగా పోయే భాగానికి ఎన్67 అని పేరొచ్చింది. జీవితమంతా ఎన్17 అని పిలిచిన దారిని మరో అంకెతో పిలవడానికి ఇక్కడివారు ఇష్టపడలేదు, ఇప్పటికీ పిలవరు. దారి అడిగిన మనబోటి కొత్తవారికి వారు పాత అంకె చెబుతారు, బోర్డు కొత్త అంకె చూపిస్తుంది. ఎంతో ఖర్చుపెట్టి దారులు వేసేవారు అంకెలు మార్చేముందు ఆ ఊరి ముసలివాళ్లను నలుగురిని అడిగితే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం, డ్రైవరు పని మారడం. మోటార్‌వే మీద ఎదురుబండి లేదు, సందు లేదు, గేటు లేదు, మనిషి లేడు. గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకోలేని బండికి ప్రవేశం లేదు, సైకిలుకు లేదు, నడిచేవారికి లేదు, పశువులకు లేదు. పొలాలు రెండుగా చీలిపోయిన రైతుల ఆవులు దారి కిందనుంచి కట్టిన సొరంగాలగుండా వెళతాయి. పల్లెదారులు పైనుంచి వంతెనల మీద దాటిపోతాయి. డ్రైవరు కళ్లకు మిగిలేది రోడ్డు మీది గీతలూ, గట్టు మీది పచ్చికా మాత్రమే. దారి ఎక్కువ భాగం గట్ల మధ్యన సాగుతుంది కనుక, అందమైన సున్నపురాతి గోడలూ, వానాకాలంలో నిండి వేసవిలో మాయమయ్యే టర్లఖ్ చెరువులూ ఉన్న ఆ ప్రాంతం అసలు కంటపడనే పడదు. పని తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి తగ్గలేదు. ఇదివరకు ప్రతి నిమిషమూ చిన్నచిన్న నిర్ణయాలు తీసుకున్న మనిషి ఇప్పుడు ఏ నిర్ణయమూ లేకుండా ఇరవై నిమిషాలు మెలకువగా ఉండి, ఆ తరువాత వచ్చే ఒకే ఒక్క నిర్ణయాన్ని సెకనులో తీసుకోవాలి. 120 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 33 మీటర్లు పోతాము. ముందుబండికి కనీసం రెండు సెకన్ల దూరం, వానలో అయితే నాలుగు సెకన్ల దూరం ఉంచమని ఇక్కడి రహదారి భద్రతా సంస్థ చెబుతుంది. అంటే పొడి రోడ్డు మీద 66 మీటర్లు, తడి రోడ్డు మీద 130 మీటర్ల పైచిలుకు. పశ్చిమ తీరంలో రోడ్డు పొడిగా ఉండే రోజులెన్నో మీకు తెలుసు, వాన కురుస్తున్నప్పుడు ఎవరు ఎంత దూరం పాటిస్తున్నారో కూడా తెలుసు.

ఇందులో గ్రామీణ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. కారుకు పరిమితి 120, బరువు లారీకి 90, వెనుక ట్రెయిలరు కట్టుకున్న ఏ బండికైనా 80. డబ్లిన్ చుట్టుపక్కల ట్రెయిలర్లు తక్కువ కాబట్టి అక్కడ ఈ తేడా అంతగా కనిపించదు. ఇక్కడ మాత్రం సంత రోజున దూడలను ఎక్కించుకున్న ట్రెయిలర్లు, గుర్రాలను తీసుకుపోయే పెట్టెబళ్లు వరుసగా పోతుంటాయి. 120తో వచ్చే కారుకూ 80తో పోయే ట్రెయిలరుకూ మధ్య దూరం సెకనుకు 11 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. రెండు వందల మీటర్ల ఎడం పద్దెనిమిది సెకన్లలో కరిగిపోతుందన్నమాట. పాత దారిలో ట్రెయిలరు వెనుక చేరినవాడు కావాలన్నా అంత వేగంగా చేరలేకపోయేవాడు. పాత దారి అలవాటు మరొకటి కూడా ఇక్కడ ప్రమాదకరంగా మారింది. నెమ్మదిగా పోయేవాడు ఎడమ అంచుకు జరిగి దారి ఇవ్వడం ఎన్18 మీద మర్యాద. మోటార్‌వే మీద ఆ అంచు హార్డ్ షోల్డర్, అది చెడిపోయిన బండికీ అంబులెన్సుకూ తప్ప మరెవరికీ చెందదు. మొదటి నెలల్లో కొందరు పెద్దవయసు రైతులు మర్యాద కొద్దీ అందులోకి జరిగిపోవడం చూసి, వెనుకవచ్చేవారు హారన్ మోగించడం నేను గమనించాను. అక్కడ మర్యాద తప్పినవాళ్లు హారన్ మోగించినవారేనని ఇప్పటికీ అనుకుంటాను, నిబంధన వారి పక్షాన ఉన్నప్పటికీ.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అలవాటు కుడివైపు వరుసలో స్థిరపడిపోవడం. ఐర్లండులో మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి దాటడానికి ఉన్నది కుడి వరుస. దాటగానే ఎడమకు తిరిగి రావాలి. దారి ఖాళీగా ఉన్నదికదా అని కుడి వరుసలోనే పోతుండేవారిలో మన హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు అలవాటు పడినవారూ ఉన్నారు, ఇక్కడ పుట్టి పెరిగినవారూ ఉన్నారు. ఇక్కడివారికి ఇది తెలియకపోవడానికి కారణం ఉన్నది. ఎల్ బోర్డు డ్రైవరుకు మోటార్‌వే మీద ప్రవేశం లేదు కనుక లైసెన్సు చేతికొచ్చిన మరుసటి రోజే, ఎన్నడూ సాధన చేయని దారిని ఒంటరిగా ఎక్కే హక్కు వస్తుంది. మొదట మోటార్‌వే లేని పశ్చిమ జిల్లాల్లో ముప్పై నలభై ఏళ్లు బండి నడిపిన అనుభవజ్ఞులకు సైతం ఈ దారి అంతే కొత్త. అనుభవం పనికిరాదని నేను అనడం లేదు. పాత దారిలో సంపాదించిన అనుభవంలో ఏది ఇక్కడ పనికొస్తుందో, ఏది పనికిరాదో ఎవరూ వారికి చెప్పలేదంటున్నాను.

లారీలవారి మాట వేరు. బరువు బండి గేరు మార్చకుండా గంటల తరబడి సాగడం వారికి పెద్ద వరం. బ్రేకులు, క్లచ్చి, డీజిలు, వెన్నెముక అన్నీ మిగులుతాయి. మేయో వైపు నుంచి షానన్‌కూ లిమెరిక్‌కూ సరుకు మోసే వారికి ఈ దారి అన్నివిధాలా మేలే చేసింది. వారి ఫిర్యాదు వేరొకటి, దాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు నలభై అయిదు నిమిషాలు ఆగి తీరాలి. తెరుచుకున్ననాడు ఈ దారి మీద ఆగడానికి చోటే లేదు. గోర్ట్ నుంచి ట్యూమ్ వరకు మోటార్‌వే దిగకుండా పెట్రోలు పోయించుకునే బంకు లేదు, టీ తాగే చోటు లేదు, మరుగుదొడ్డి లేదు. పాత ఊళ్లలో బంకు పక్కన లారీ నిలిపి వేడి వేడి రోల్ తిని, యజమానితో నాలుగు మాటలు మాట్లాడి బయలుదేరిన మనిషి, ఇప్పుడు నడిపిన గంటలను నమోదుచేసే టాకోగ్రాఫ్ చూసుకుంటూ ఏ జంక్షన్ దగ్గర దిగితే లారీ తిప్పుకునే చోటు దొరుకుతుందో ముందే లెక్కవేసుకోవాలి. హార్డ్ షోల్డర్‌లో ఆపితే నేరం, ఆపకపోతే మరో నేరం. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు ఈ లోటు ఎలా అనుభవమైందో విడమరచి చెప్పనవసరం లేదు. ఈ ఒక్క మోటార్‌వేకే పరిమితమైన తప్పు కూడా కాదిది. 2009 డిసెంబరులో డబ్లిన్, గాల్వేల మధ్య మోటార్‌వే పూర్తయినప్పుడు కూడా దారి పక్కన సేవాకేంద్రాలు లేకుండానే తెరిచారు. ఎనిమిదేళ్ల తరువాత మళ్లీ అదే చేశారు.

ఎం6 మాట వచ్చింది కాబట్టి, ఈ రెండు దారులూ కలిసే రాత్‌మారిసీ గురించి చెప్పాలి. అథెన్రై ఊరికి దగ్గరలో ఉన్న ఆ కూడలిలో ఉత్తర దక్షిణాలుగా పోయేవారు ఆగకుండా పోతారు, తూర్పు పడమరలుగా పోయేవారూ అంతే. ఒక దారినుంచి మరోదారికి మారదలచినవారు మాత్రం ఎడమకు దిగి, పెద్ద గుండ్రటి కూడలిని చుట్టాలి. ఐరిష్ డ్రైవర్లకు రౌండ్ అబౌట్ కొత్త కాదు, ప్రతి ఊరి మొదట్లోనూ ఒకటుంటుంది. 120 మీద నుంచి వచ్చి దాన్ని ఎక్కడం కొత్త. ఎక్కువసేపు పెద్ద వేగంలో సాగిన మనిషికి 60 కూడా నడిచినట్టే అనిపిస్తుంది. తాను తగినంత నెమ్మదించానని మనసు నమ్ముతుంది, స్పీడోమీటరు నమ్మదు. మోటార్‌వే దిగేచోట మనసును కాకుండా ముల్లును నమ్మండి. నేను ఇచ్చే సలహాలలో వెనక్కి తీసుకోనిది ఇదొక్కటే.

అన్నింటికంటే ఆసక్తికరమైనది ట్యూమ్ నుంచి గాల్వే నగరానికి రోజూ ఉద్యోగానికి పోయేవారి కథ. మోటార్‌వే తెరవగానే క్లేర్‌గాల్వే రద్దీ మాయమవుతుందని చాలామంది ఆశపడ్డారు. మ్యాపు చూస్తే ఆ ఆశ సగమే నిజమని తెలుస్తుంది. ఎం17 ట్యూమ్ నుంచి నేరుగా గాల్వేకు పోదు. దక్షిణంగా రాత్‌మారిసీ దాకా దిగి, అక్కడ ఎం6 ఎక్కి పడమటికి, ఓరన్‌మోర్ వైపుగా నగరం చేరాలి. కిలోమీటర్లు పెరుగుతాయి, పెట్రోలు పెరుగుతుంది. నగరం తూర్పు అంచున ఉన్న కంపెనీలలో పనిచేసేవారికి ఇది లాభించింది, వారు మారిపోయారు. విశ్వవిద్యాలయం, పెద్దాసుపత్రి ఉన్న పడమటి వైపు పోయేవారు ఎటునుంచి వచ్చినా నగరపు వంతెనల దగ్గర ఆగవలసిందే కనుక చాలామంది పాత దారిలోనే ఉండిపోయారు. దూరప్రయాణపు లారీలు తొలగిపోవడంతో క్లేర్‌గాల్వేకు ఊపిరి ఆడింది. ఉదయపు వరుస మాత్రం పోలేదు. పైగా మోటార్‌వే మీద ఆదా చేసుకున్న నిమిషాలను నగరం వాకిట్లో తిరిగి చెల్లించవలసి రావడం డ్రైవర్లకు మరింత చిరాకు కలిగించింది. నలభై కిలోమీటర్లు ఆగకుండా వచ్చినవాడికి ఆఖరి నాలుగు కిలోమీటర్లు పాకడం, మొదటినుంచీ నెమ్మదిగా వచ్చినవాడికంటే కష్టంగా ఉంటుంది. రోడ్డు ఇంజనీర్ల నమూనాలలో నిమిషాలు లెక్కకు వస్తాయిగాని ఈ చిరాకు రాదు.

పాత ఊళ్ల గురించి రెండు మాటలు. ఆర్డ్రహన్‌లోనూ క్లారిన్‌బ్రిడ్జ్‌లోనూ ఇప్పుడు ముసలివారు కర్ర పట్టుకుని నింపాదిగా రోడ్డు దాటగలరు. బంకులూ టీ దుకాణాలూ కొంత నష్టపోయాయి. అవి రెండూ నిజమే. డ్రైవర్ల వైపునుంచి చూస్తే ఆ ఖాళీ అయిన పాత దారే కొత్త ప్రమాదం. నిటారుగా, వెడల్పుగా, జాతీయ రహదారి స్థాయిలో కట్టిన దారి మీద బళ్లు పలచబడితే యువకుల కాలు బరువెక్కుతుంది. మోటార్‌వే మీదినుంచి దిగివచ్చినవాడి కళ్లకు ఆ దారి మోటార్‌వేకు కొనసాగింపులాగే ఉంటుంది, సందుల్లోంచి ట్రాక్టర్లు మాత్రం ఎప్పటిలాగే వస్తాయి. ఈ దేశంలో 1972లో 640 మంది రోడ్ల మీద చనిపోయారు. 2012 నాటికి ఆ సంఖ్య 160ల్లోకి దిగింది. అందులో మోటార్‌వేలకు కొంత వాటా ఉన్నది, 2002లో వచ్చిన పెనాల్టీ పాయింట్లకూ, 2006లో మొదలైన, ఎవరినైనా ఆపి చేసే మద్యం తనిఖీలకూ, కార్ల తప్పనిసరి పరీక్షలకూ కూడా వాటా ఉన్నది. ప్రాణాలు ఎక్కువగా పోయేది మోటార్‌వేల మీద కాదు, వాటికి దారితీసే పల్లెదారుల మీద. 2025 ఫిబ్రవరిలో గ్రామీణ స్థానిక రోడ్ల పరిమితిని 80 నుంచి 60కి తగ్గించింది అందుకే. చాలామంది సణిగారు, నేను మాత్రం సంతోషించాను.

ఇప్పుడు మనవారి సంగతి. భారతదేశపు లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చుకునే ఒప్పందం లేదు. విజయవాడ, హైదరాబాదుల మధ్య పదేళ్లు కారు నడిపిన వైద్యుడైనా నర్సు అయినా ఇక్కడ స్థిరపడ్డాక రాతపరీక్ష రాసి, ఎల్ బోర్డు పెట్టుకుని, శిక్షణ తరగతులకు హాజరై, పరీక్ష పాసవాలి. అంతవరకు గోర్ట్‌లో ఉంటూ గాల్వే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేవారికి పక్కనే ఉన్న మోటార్‌వే కాకుండా ఆర్458 మీదుగా పోవడం తప్ప గతిలేదు. ఇది అన్యాయమని మీలో చాలామంది నాతో అన్నారు. పరీక్షకు నెలల తరబడి వేచి ఉండవలసి రావడం అన్యాయమే. పాత దారి మీద నడపవలసి రావడం మాత్రం అంత నష్టం కాదనుకుంటాను. అక్కడ మలుపులు చదవడం, నెమ్మదిగా పోయే బండి వెనుక ఓపిక పట్టడం, ఎదురుగా చీకట్లో వచ్చే లైట్లకు మన పెద్ద లైటు తగ్గించడం వస్తాయి. మోటార్‌వే వీటిలో ఏదీ నేర్పదు. పరీక్ష పాసైన తరువాత మొదటిసారి ఎక్కేవారు ఆదివారం ఉదయం, అనుభవమున్న మరొకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క జంక్షన్ దూరం పోయి దిగండి. కిల్టియర్నన్ దగ్గర ఎక్కి గోర్ట్ దగ్గర దిగితే చాలు. కలిసే దారి మీదనే వేగం అందుకోవాలి. భయపడి ఆ దారి చివర ఆగిపోవడమంత ప్రమాదం మరొకటి లేదు.

వాతావరణం గురించి అడుగుతారని తెలుసు కాబట్టి ముందే చెబుతాను. ఈ దారి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, అట్లాంటిక్ గాలి పడమటినుంచి వస్తుంది. అంటే గాలి ఎప్పుడూ పక్కనుంచే కొడుతుంది. గట్ల మధ్య ఉన్నంతసేపు తెలియదు, వంతెన మీదికి రాగానే స్టీరింగు చేతిలో కదులుతుంది. ఖాళీ లారీలవారూ, పైన సామాను కట్టినవారూ దీన్ని మొదటి చలికాలంలోనే తెలుసుకున్నారు. 2018 మార్చి మొదట్లో వచ్చిన పెద్ద మంచు ఈ దారికి తొలి పరీక్ష. అప్పుడు దేశమంతా ఇంటిపట్టున ఉండమని ప్రభుత్వమే చెప్పింది, అదే మంచి సలహా. మామూలు చలికాలపు ఉదయాలలో ఉప్పు చల్లే బళ్లు మోటార్‌వే మీదికి ముందు వస్తాయి, మీ ఇంటి సందులోకి అసలు రావు. జారిపడే ప్రమాదం మీ గేటు దగ్గర మొదలై మోటార్‌వే దగ్గర తగ్గుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా ఊహించుకుంటారు.

చివరగా ట్యూమ్‌కు ఉత్తరాన దారి ముగిసేచోటు. అక్కడ మోటార్‌వే పోయి, విభజిత రహదారి వచ్చి, అదీ పోయి, మళ్లీ ఎదురెదురు బళ్లు నడిచే పాత ఎన్17 మొదలవుతుంది. నాక్ పుణ్యక్షేత్రానికో విమానాశ్రయానికో పోయేవారంతా ఈ మార్పు గుండా పోవలసిందే. అంతసేపు ఎదురుబండి లేని దారిలో వచ్చిన డ్రైవరు, తన కుడివైపున ఇప్పుడు ఉన్నది ఎదురుగా వచ్చే బండి అని గుర్తుచేసుకోవాలి. ముందు పోతున్న లారీని దాటాలనుకుంటే మళ్లీ పాత లెక్కలన్నీ వేయాలి. ఈ మార్పు దగ్గర బోర్డులు ఉన్నాయి, గీతలు ఉన్నాయి, రౌండ్ అబౌట్ ఉన్నది. అయినా అక్కడికి చేరేముందు కిటికీ కొంచెం దించి గాలి తగలనిచ్చి, పక్కవారితో మాటలు ఆపి, వేగం చూసుకోమని నా దగ్గరికి వచ్చినవారికల్లా చెబుతూ ఉంటాను. ఇక మీ ప్రశ్నలు అడగండి. టోల్ గురించి, ఎం6 గురించి కూడా అడగవచ్చు, లైసెన్సు ఫారాల గురించి మాత్రం టీ విరామంలో మాట్లాడుకుందాము.